అమ్మవారిని తుడిచిన తువ్వాల

శాంతయ్యకు ఆ పేరు పెట్టిన తాతను తలుచుకుని ఆళ్ళగడ్డలో నవ్వని మనిషి లేడు. ముక్కు మీద కోపం అంటారే, ఆయనకు ముక్కు మీద చోటు చాలక చెవుల దాకా ఉండేది. ఉలి మొద్దుబారినా కోపమే, టీలో చక్కెర ఎక్కువైనా కోపమే. అయినా ఆ శిల్పశాలలో ముప్పై ఏళ్ళుగా దేవుళ్ళ ముఖాలు చెక్కే చెయ్యి ఆయనదే. ఒళ్ళూ, నగలూ, పీఠమూ ఎవరైనా చెక్కుతారు. ముఖం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఉలి పక్కన పెట్టి శాంతయ్య కోసం చూసేవాళ్ళు. విచిత్రమేమంటే, ముఖం చెక్కుతున్నంతసేపూ ఆయనకు కోపం వచ్చేది కాదు. పక్కన పిడుగు పడినా పలికేవాడు కాదు.

అలాంటి మనిషిని పట్టుకుని ఆ సోమవారం పొద్దున శ్రీకాంత్ ఆ మాట అన్నాడు.

శ్రీకాంత్ శిల్పశాల యజమాని. ముప్పై రెండేళ్ళవాడు. వాళ్ళ నాన్నను అందరూ పెద్దమేస్త్రి అనేవాళ్ళు. శాంతయ్యకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. ఆయన పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి కొడుకు పెత్తనం.

షెడ్డు మధ్యలో ఆరడుగుల నల్లరాతి సుంకులమ్మ నిలబడి ఉంది. నందికొట్కూరు దగ్గర ఒక పల్లెవాళ్ళు తమ ఉగ్రదేవతకు చేయించుకుంటున్న విగ్రహం. ఒళ్ళంతా పూర్తయింది. మెడ మీద మాత్రం ఇంకా మొండి రాయే. శుక్రవారం ఆ ఊరి పెద్దలు వస్తారు. వాళ్ళ ఎదురుగా టెంకాయ కొట్టి ముఖానికి మొదటి ఉలి దెబ్బ వేయాలి. అది అక్కడి ఆచారం. శాంతయ్య నెల రోజులుగా ఆ ముఖాన్ని మనసులో చెక్కుకుంటూనే ఉన్నాడు.

"మామా, ఈ ముఖం నువ్వు చెక్కొద్దులే. నంద్యాల నుంచి ప్రవీణ్ అని మిషన్‌తో చెక్కే పిల్లోడు వస్తాండాడు" అన్నాడు శ్రీకాంత్, ఫోన్ చూసుకుంటూ.

"ఏందీ?"

"నీ తల నువ్వు చూసుకుంటివా? పొట్టు రాలుతాండాది. పోయిన వారం ఆంజనేయస్వామి భుజం మీద తెల్లగా పడింటే, కొనే ఆయప్ప 'ఇదేంది, సున్నమా' అని అడిగినాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మవారి ముఖం మీద మనిషి తల పొట్టు పడితే మైల మామా. వాళ్ళు ఒప్పుకోరు."

శాంతయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెత్తిన అప్పటికే తొమ్మిది నెలలుగా వేరే మంట ఒకటి ఉంది. రెండూ కలిశాయి.

"నా తల మైలనా? మీ నాయన నా చేతిలో ఉలి పెట్టినప్పుడు నువ్వు చెడ్డీ కూడా ఏసుకోలేదు రా! నీ ఇంట్లో పూజగదిలో ఉండే లక్ష్మమ్మ ముఖం ఎవరు చెక్కినారు? చెప్పు!"

"అరిస్తే పొట్టు ఆగుతాదా? నీకు దుమ్ము పడటంలేదు. ముందర గదిలో కూర్చొని వచ్చినోళ్ళకు బొమ్మలు చూపియ్. అక్కడ దుమ్ముండదు."

తలకు చుట్టుకున్న తువ్వాలను విసురుగా లాగాడు శాంతయ్య. నేలకేసి కొట్టబోయాడు. కొట్టలేదు. చెయ్యి గాల్లోనే ఆగింది. పళ్ళు కొరుకుతూ మళ్ళీ తలకే చుట్టుకున్నాడు.

ఎందుకంటే అది మామూలు తువ్వాల కాదు. నునుపు తీర్చి నల్లరంగు పూశాక ప్రతి విగ్రహాన్నీ ముఖం చెక్కినవాడే తుడవాలి, అది పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి. దేవుని ఒళ్ళు తుడిచిన గుడ్డను నడుముకు కట్టరాదు, భుజాన పడేయరాదు, నేల మీద అసలే వేయరాదు. దాని చోటు తల. ఉతికేటప్పుడు కూడా బండకేసి బాదరాదు, మిగతా బట్టల్లో కలపరాదు. శాంతయ్య భార్య కమలాక్షమ్మ దాన్ని వారానికోసారి విడిగా బకెట్లో ముంచి, పిండి, గోడ మీద ఆరేస్తుంది. పెద్దమేస్త్రి నలభై ఏళ్ళు అలాగే కట్టాడు. చనిపోయిన రోజు కూడా ఆయన తల పక్కన తువ్వాల ఉంది. ఆయన శిష్యుల్లో మిగిలినవాళ్ళంతా ఈ పద్ధతి ఎప్పుడో వదిలేశారు. శాంతయ్య వదల్లేదు.

ఇక ఆ తల సంగతి. పోయిన కార్తీకంలో మొదలైంది. ముందు దురద, తర్వాత మంట, తర్వాత పొట్టు. బొంబాయి రవ్వ రాలినట్టు రాలేది. చొక్కా మీద, కంచంలో, దిండు మీద. శాంతయ్యకు తలలో పొట్టు మొదలైన మర్నాటి నుంచీ ఆళ్ళగడ్డలో ప్రతివాడూ డాక్టరైపోయాడు. ఒకడు పెరుగూ నిమ్మకాయా అన్నాడు. ఒకడు వేపాకు అన్నాడు. నిమ్మరసం పెట్టిన రోజు మంటకు ఆయన వీధంతా తిరిగాడు. మందుల షాపు వాడు మూడు రకాల షాంపూలు అంటగట్టి, నాలుగోది కూడా చూపించబోయి తిట్లు తిన్నాడు. చివరికి విసిగి అహోబిలం వెళ్ళి నరసింహస్వామికి గుండు ఇచ్చి వచ్చాడు. జుట్టు పోయింది గానీ పొట్టు పోలేదు. పైగా గుండు మీద తువ్వాల చుట్టేసరికి మంట రెండింతలైంది. 'స్వామి కూడా నా మీద కోపంగా ఉన్నాడు' అని కొండ దిగి వచ్చిన వారానికి స్వామినే తిట్టాడు.

డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు. అందరూ చివర్లో అనే మాట ఒకటుంది: "దుమ్మప్పా, రాతి దుమ్ము." డాక్టరు కూడా ఆ మాటే అంటే? ఉలి వదిలేయమంటే? ఆ భయం లోపల ఉంది. దాని మీద కోపం కప్పుకుని తిరిగాడు.

సోమవారం మధ్యాహ్నానికే ఇంటికి వచ్చిన మొగుణ్ణి చూసి కమలాక్షమ్మ విషయం అడిగి తెలుసుకుంది. ఆమె కోపం ఆయన కోపం లాంటిది కాదు. అరవదు, పని చేస్తుంది. గబగబా సంచీలో ఆయన వాడే సబ్బు, కొబ్బరినూనె సీసా, షాంపూ పొట్లాలు అన్నీ వేసింది.

"యాడికే?"

"రేపు నంద్యాలకు. చర్మం డాక్టరమ్మ ఉందంట."

"ఆమె దుమ్ము అంటే? ఉలి ముట్టద్దంటే? అప్పుడు నేనేం చేయల్ల, నీ పక్కన కూర్చొని చింతపండు గిల్లల్లనా?"

"ఇప్పుడు మాత్రం ముట్టనిస్తాండారా?" అంది కమలాక్షమ్మ. "ఆ పిల్లోడు మైల అన్న మాట నేను మరిచిపోను. దుమ్మో కాదో తేలిపోనీ. తేలకుండానే ముందర గదిలో కూర్చుంటావా?"

మంగళవారం పొద్దున ఇద్దరూ నంద్యాల బస్సెక్కారు. శిరివెళ్ల దాకా ఆయన శ్రీకాంత్‌ను తిట్టాడు. శిరివెళ్ల దాటాక కండక్టరును తిట్టాడు.

డాక్టరు లూదియా క్లినిక్ సంజీవనగర్ గేటుకు దగ్గర. నలభై ఐదేళ్ళ మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. ఆమె తువ్వాల విప్పమంది. భూతద్దం చేత్తో పట్టుకుని లైటు వేసి తలంతా చూసింది. చూసి, మళ్ళీ చూసింది.

"దుమ్మేనా అమ్మా?" అన్నాడు శాంతయ్య. అడిగిన తీరు కొట్లాటకు వచ్చినట్టుంది.

"ఆగండి. దుమ్మయితే తలంతా పడాలి కదా? మీకు నడినెత్తి శుభ్రంగా ఉంది. నుదుటి పైన, చెవుల మీద, వెనక మెడ దగ్గర మాత్రమే ఉంది. గీత గీసినట్టు చుట్టూ రింగు. చుండ్రు ఇలా రింగు కట్టదు." ఆమె వేలితో ఆయన తల చుట్టూ గాల్లో ఒక సున్నా చుట్టి, ఆ చేతినే బల్ల మీదున్న తువ్వాల మీద పెట్టింది. "ఇది రోజూ కడతారా?"

శాంతయ్య లేచి నిలబడ్డాడు. "దాని జోలికి రావద్దమ్మా! అది దేవుళ్ళను తుడిచిన గుడ్డ. దాంతో నాకు రోగమొస్తాదా? ముప్పై ఏండ్ల నుంచి కడతాండా!"

"ముప్పై ఏళ్ళు రాలేదు, నిజమే. మరి పోయిన కార్తీకంలో ఏం మారింది?"

"ఏం మారలేదు. రాయి అదే, ఉలి అదే, పద్ధతి అదే."

"కోపం కూడా అదే" అంది కమలాక్షమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. నోటితో వాదించుకోవడం ఎందుకు, వీపునే అడుగుదాం అంది. అనుమానం ఉన్నవన్నీ కొంచెం కొంచెం వీపు మీద అంటించి, రెండు రోజులు తడపకుండా ఉంచి చూస్తారట. ఏది పడదో అక్కడ చర్మం ఎర్రగా లేస్తుంది. కొబ్బరినూనె, సబ్బు, షాంపూ పెట్టింది. రాతి దుమ్ము కావాలంటే శాంతయ్య చొక్కా జేబు తిరగేస్తే గుప్పెడు రాలింది. చివరికి కత్తెర తీసుకుని తువ్వాల వైపు చూసింది.

"కోస్తారా?" అన్నాడు శాంతయ్య. ఆయన గొంతులో కోపం లేదు, బెదురుంది.

"రెండు చిన్న ముక్కలు. అంచు దగ్గర తెల్లగా ఉన్న చోట ఒకటి, నల్ల మరక ఉన్న చోట ఒకటి."

కమలాక్షమ్మ తువ్వాల తీసి కళ్ళకద్దుకుని డాక్టరమ్మ చేతిలో పెట్టింది. శాంతయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కత్తెర చప్పుడు విన్నాడు. అంతవరకూ తల మీద పెట్టుకున్నది ఇప్పుడు ముక్కలై వీపుకు అంటుకుంది. రెండు రోజులు ఇంట్లో బోర్లా పడుకుని, దురద పుట్టిన చోట గోక్కోలేక, కనిపించిన ప్రతిదాన్నీ తిట్టాడు. దుమ్ము అంటించిన చోటే దురద పెడుతోందని ఆయనకు గట్టి అనుమానం. ఆ అనుమానంతో అన్నం సహించలేదు.

గురువారం డాక్టరమ్మ పట్టీలు ఊడదీసి ఒక్కో చోటునూ వేలితో తడుముతూ పోయింది. శాంతయ్య ఇక ఆగలేకపోయాడు.

"చెప్పమ్మా! దుమ్మేనని చెప్పు! ఉలి ఏట్లో పారేసి పోతా!"

"దుమ్ము పెట్టిన చోట ఏమీ లేదు. పాపాయి చర్మంలా ఉంది. నూనె, సబ్బు, షాంపూ... ఏమీ లేదు. తువ్వాల తెల్ల అంచు, ఏమీ లేదు." ఫోన్‌తో వీపు ఫొటో తీసి చూపించింది. ఒక్కచోట రూపాయి బిళ్ళంత ఎర్రటి దద్దురు, మధ్యలో చిన్న చిన్న నీటి పొక్కులు. "ఇది నల్ల మరక ఉన్న ముక్క. మామూలుగా ఇంకో రెండు రోజులాగి మళ్ళీ చూస్తాం గానీ, దీనికి అక్కర్లేదు. మీకు పడనిది గుడ్డ కాదు. గుడ్డకు అంటిన నలుపు. ఏమిటది?"

శాంతయ్యకు ఆ క్షణం వరకూ అది తట్టనే లేదు. పెద్దమేస్త్రి ఉన్నప్పుడు నునుపు తీర్చిన రాతికి ఆముదంలో దీపపు మసి కలిపి పూసేవాళ్ళు. పూసి ఆరబెట్టి, మళ్ళీ పూసి, వారం పట్టేది. ఆ ఆముదం తువ్వాలకు అంటితే తల చల్లగా ఉండేది. పోయిన కార్తీకంలో శ్రీకాంత్ హైదరాబాదు నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అందులోని నల్లరంగు మందు గంటలో ఆరుతుంది, అద్దంలా మెరుస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. శాంతయ్య కూడా మెచ్చుకున్నాడు. ఆ మందు పూసిన దేవుళ్ళనే తొమ్మిది నెలలుగా తుడుస్తున్నాడు. బండకేసి బాదితే ఎంతో కొంత వదిలేదేమో, బాదరాదు గనక కమలాక్షమ్మ నీళ్ళలో పిండి ఊరుకునేది. మందు మీద మందు పట్టి, ఎండకు చెమటకు కరిగి తలకెక్కింది. దేవుని గుడ్డ మీద అనుమానం రాదు కదా, ఎవరికి మాత్రం వస్తుంది?

ఆయనకు ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. పెద్ద డబ్బా నుంచి చిన్న డబ్బాలోకి ఆ మందు పోసేది శ్రీకాంతే. పోసేటప్పుడు చేతులకు నీలం రంగు రబ్బరు గ్లౌజులు వేసుకునేవాడు.

"అమ్మా, చేతులకు కూడా ఇట్లే అవుతాదా?" అన్నాడు నెమ్మదిగా.

"తప్పకుండా. ఎవరికైనా అయిందా?"

శాంతయ్య ఆమె రాసిచ్చిన పూత మందు కమలాక్షమ్మ చేతికిచ్చి బస్టాండుకు నడిచాడు. ఆళ్ళగడ్డ దాకా బస్సులో ఎవరినీ తిట్టలేదు. కమలాక్షమ్మకు దానికే భయమేసింది.

బస్సు దిగి నేరుగా షెడ్డుకు పోయాడు. ఇంకా పొద్దు కుంకలేదు. హుస్సేన్ వలి ఒక చిన్న వినాయకుడికి నల్లరంగు మందు పూస్తున్నాడు. విగ్రహాలకు నునుపు తీర్చేదీ, మందు పూసేదీ వలీనే. శాంతయ్య కన్నా పదేళ్ళు చిన్న.

"వలీ, చేతులు చూపియ్."

"ఏముందన్నా చూసేకి. పాలిష్ మిషన్ నీళ్ళలో నాని పగిలినాయి."

"చూపియ్ అంటాండా గదా!"

వలి చేతులు తిప్పాడు. అరచేతులు ఎండాకాలం చెరువులా బీటలు వారి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో పచ్చి పుండ్లు. పిడికిలి బిగించమంటే బిగించలేకపోయాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన కార్తీకం నుంచనుకుంటా. స్పూన్‌తో తింటాండానన్నా. కారం తగిలితే పానం పోతాది. మా ఇంటామె హజీరా కలిపి పెడతానంటాది, పిల్లల ముందర సిగ్గు" అని నవ్వబోయాడు వలి.

శాంతయ్య ఆఫీసు గది తలుపు తోసుకుని పోయాడు. శ్రీకాంత్ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. గోడకు పెద్దమేస్త్రి ఫొటో, దాని కింద అరలో నీలం గ్లౌజుల అట్టపెట్టె. శాంతయ్య ఆ పెట్టె తీసి బల్ల మీద పడేశాడు. వీపు ఫొటో సంగతీ, డాక్టరమ్మ మాటా, వలి చేతులూ అన్నీ ఒక్క ఊపున చెప్పాడు.

"ఇవి ఎవరియ్యి?"

శ్రీకాంత్ పెట్టెను పక్కకు జరిపాడు. తర్వాత, "డబ్బాతో పాటు ఇచ్చినారు మామా. ఒంటికి తగలనీయద్దు అని రాసుండాది" అన్నాడు.

"మాకు యాల ఇయ్యలేదు?"

"ఇస్తే మీరు ఏసుకుంటారా? రాయి చేతికి తెలియాల అంటారు, పక్కన పారేస్తారు. అందుకే..."

"అడిగినావా?"

"మామా..."

"అడిగినావా అంటాండా! ఒక్కరోజైనా, వలీ ఇవి ఏసుకో అని అన్యావా? నీ చేతులు చేతులు, మావి కట్టెలా? నా తలకు మంట పెట్టిందీ నువ్వే, మైల అని ముఖం లాక్కుందీ నువ్వే! మీ నాయన ఫొటో కింద పెట్టుకున్యావు గదరా ఈ పెట్టె, సిగ్గు ల్యా?"

గొంతు విని వలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. శ్రీకాంత్ లేచి తలుపు మూయబోయి, మూయలేక, గొంతు తగ్గించాడు.

"సరే మామా. అయిందేదో అయింది. తప్పు నాదే. ప్రవీణ్‌ను రావద్దని ఇప్పుడే ఫోన్ చేస్తా. రేపు అమ్మవారి ముఖం నువ్వే చెక్కు. ఆ తువ్వాల తీసేసి కొత్తది కట్టుకో, నీకు తగ్గిపోతాది. మందు మాత్రం ఉండనీ. ఆముదం అంటే వారం, ఇది గంట. చేతిలో ఇంకా పది విగ్రహాలుండాయి. వలీకి గ్లౌజులు ఇస్తా. రేపు వాళ్ళ ముందర ఈ మాట ఎత్తొద్దు, అంతే."

కావలసింది చేతికి వచ్చింది. నెల రోజులుగా మనసులో చెక్కుకున్న ముఖం. నోరు మూసుకుంటే చాలు. శాంతయ్య వలి వైపు చూశాడు. వలి తల దించుకుని, "చెక్కన్నా. నాదేముందిలే, గ్లౌజులు ఇస్తానంటాండాడు గదా" అన్నాడు. ఆ పుండ్ల చేతులకు రబ్బరు తొడిగితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

శాంతయ్య వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. ఆ రాత్రి కమలాక్షమ్మ తలకు మందు పూస్తుంటే, "ముఖం ఇస్తానన్యాడే" అన్నాడు. "దేనికి బదులు?" అంది ఆమె. ఆ మాటకు ఆయన తెల్లవార్లూ కళ్ళు మూయలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి జీపులో నందికొట్కూరు వైపు నుంచి ఆ ఊరి పెద్దలు దిగారు. ఊరిపెద్ద శేషయ్య, ఆయన వదిన రామలక్ష్మమ్మ, ఇంకో నలుగురు. రామలక్ష్మమ్మ విగ్రహం పాదాలకు పసుపు రాసి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. టెంకాయ కొట్టారు. శ్రీకాంత్ కొత్త పంచె కట్టి, అందరికీ వినపడేలా, "మా శాంతయ్య మామ చెయ్యి పడితే రాయి పలకాల్సిందే. కానీ మామా" అన్నాడు.

శాంతయ్య ఉలి తీయలేదు. బోడి తలతో నిలబడ్డాడు. ఎర్రటి రింగు మీద మందు మెరుస్తోంది. సంచీలోంచి మడిచిన తువ్వాల తీశాడు.

"శేషయ్యన్నా, ఇది దేవుళ్ళను తుడిచిన తువ్వాల. మా పెద్దమేస్త్రి దీన్ని తలకు తప్ప యాడా పెట్టనియ్యలేదు. ఈ పొద్దు మంచి పని మొదలు పెడతాండాం. పెద్దమేస్త్రి కొడుకు దీన్ని తలకు చుట్టుకుంటే నేను ఉలి ఎత్తుతా." రెండు చేతులా తువ్వాలను శ్రీకాంత్ ముందుకు చాపాడు. "కట్టుకో అప్పా. మీ నాయన నలభై ఏండ్లు కట్టినాడు."

శ్రీకాంత్ ఒక అడుగు వెనక్కి వేశాడు. శాంతయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. శ్రీకాంత్ రెండు చేతులూ వెనక దాచుకున్నాడు.

"ఏందప్పా, దేవుని గుడ్డకు వెనక్కి పోతాండావ్?" అన్నాడు శేషయ్య.

"చెప్పు. నువ్వే చెప్పు" అని శాంతయ్య ఉరిమాడు. శ్రీకాంత్ చెప్పలేదు గనక శాంతయ్యే చెప్పాడు. డబ్బా సంగతి, గ్లౌజుల సంగతి, మైల సంగతి. వలిని పిలిచి చేతులు చూపించాడు. ఆ చేతులు చూసి రామలక్ష్మమ్మ "అయ్యో నాయనా" అని నోరు నొక్కుకుంది. మరుక్షణమే ఆమె ముఖం మారిపోయింది.

"ఈ మందే మా సుంకులమ్మకూ పూస్తారా? మా ఊర్లో పసిపిల్లల్ని తెచ్చి అమ్మ పాదాల మీద పడుకోబెడతాం! ఆడోళ్ళం అమ్మ ఒళ్ళంతా పసుపు రాసి, ఆ పసుపే ముఖానికి రాసుకుంటాం! ఏం రా, మా ఊరి ముఖాలన్నీ కాల్చల్లనుకుంటివా?"

"అట్ల కాదు పెద్దమ్మా, ఆరినాక ఏం కాదు..."

"అయితే కట్టుకో తలకు! అది ఆరే ఉండాది గదా!"

షెడ్డులో ఉలి చప్పుడు ఒక్కటి లేదు. పనివాళ్ళంతా లేచి నిలబడ్డారు. శేషయ్య చివరికి గొంతు సవరించుకుని, మాకు ఆముదమే పూయాల, వారం కాకుంటే నెల పట్టనీ, లేదంటే ఈ రాయిని ఇట్లే బండిలో ఏసుకుని పోతాం అన్నాడు.

"డబ్బా బయటికి పోవల్ల. మీ ఒక్కరికే కాదు, అన్ని బొమ్మలకూ" అన్నాడు శాంతయ్య. "అది గేటు దాటినాకనే నేను ఉలి పట్టేది."

శ్రీకాంత్ ఎవరినో పిలవబోయాడు. ఎవరూ కదల్లేదు. లోపలికి పోయి, బయటికి వచ్చాడు. చేతులకు నీలం గ్లౌజులున్నాయి. కొత్త పంచె మీద మరక పడకుండా డబ్బాను ఒంటికి దూరంగా పట్టుకుని, అందరి కళ్ళ ముందూ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఆ గ్లౌజుల వైపు అందరూ చూశారు.

శాంతయ్య తువ్వాలను తీసుకుపోయి ఆఫీసులో శ్రీకాంత్ బల్ల మీద నాలుగు మడతలుగా పెట్టి వచ్చాడు. నేల మీద వేయరాదు కదా. శేషయ్య తన భుజం మీది తెల్ల కండువా తీసి ఇచ్చాడు. "పొట్టు రాలుతాదని అన్యారంట. ఇది కట్టుకో. రాలినా మా అమ్మ ఏమీ అనుకోదులే" అన్నాడు.

శాంతయ్య కండువా చుట్టుకుని, ఉలి ముక్కు దగ్గర ఆనించి, సుత్తె ఎత్తాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ముఖం ముందు కూర్చున్నా ఆయన కోపం పోలేదు. సుంకులమ్మకు శాంతం ఎందుకులే అనుకుని, దాన్ని అలాగే ఉంచుకుని చెక్కాడు. కనుబొమ్మల దగ్గర, పెదవుల చివర అది దిగింది.

మూడు వారాలకు, ఆముదం మూడు పూతలు ఆరాక, కళ్ళు తెరిపించిన రోజున శ్రీకాంత్ కూడా వచ్చి దండం పెట్టాడు గానీ తల ఎత్తి ఆ ముఖంలోకి చూడలేదు. అందరికీ ఆకుల్లో పులిహోర పెట్టారు. హుస్సేన్ వలి స్పూను కోసం చూసి, తర్వాత చేతిని ఒకసారి తిప్పి చూసుకుని, వేళ్ళతో కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. శాంతయ్య దూరం నుంచి ఆ చేతినే చూస్తున్నాడు.

"కారం తగిలిందా వలీ?" అని అరిచాడు, కొట్లాటకు పోయినట్టు.

"లేదన్నా" అన్నాడు వలి, ఇంకో ముద్ద కలుపుకుంటూ.